సైరన్ మోతను బొమ్మలో చూపించడం ఎలా?

ప్రశ్న: సార్, మాది హనుమకొండ. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. చిన్నప్పటి నుంచి బొమ్మలు వేస్తాను. ఫోనులో ఫొటో చూసి మనిషి ముఖాన్ని అచ్చు గుద్దినట్టు దించగలను. మా తాత వరంగల్ ఆజంజాహి మిల్లులో నేత విభాగంలో పనిచేశారు. ఆయన జీవితాన్ని బొమ్మల్లో చెప్పాలని మిల్లు గేటు, మగ్గాలు, యవ్వనంలో తాత, పెళ్లి, జీతం రోజు, మిల్లు మూత... ఇలా పన్నెండు బొమ్మలు వేశాను. కళాశాల ప్రదర్శనలో అందరూ మెచ్చుకున్నారు. ఒక అధ్యాపకురాలు మాత్రం "బొమ్మలు బాగున్నాయి, కథ ఎక్కడుంది?" అని అడిగారు. నాకు జవాబు తోచలేదు. ఒక్కో బొమ్మలో తాత ఒక్కో మనిషిలా ఉన్నాడని మా తమ్ముడు అన్నాడు. బొమ్మలతో కథ చెప్పడం ఎలా నేర్చుకోవాలి? కంప్యూటర్ మీద గీసే టాబ్లెట్ కొనాలా? డిగ్రీ మానేసి ఫైన్ ఆర్ట్స్‌లో చేరాలని ఉంది, నాన్న ఒప్పుకోవడం లేదు. ఇంకో మాట. మిల్లు మూతపడ్డాక కూడా తాత చాలా ఏళ్లు పొద్దుటి సైరన్ వేళకే లేచి, చొక్కా తొడుక్కుని వాకిట్లో కూర్చునేవారట. బాపమ్మ చెప్పింది. ఇప్పుడు ఆయనకు చెవులు సరిగా వినపడవు.
– ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం:

అమ్మా,

మీ అధ్యాపకురాలు అడిగిన కథ నీ ఉత్తరంలోనే ఉంది. "ఇంకో మాట" అంటూ చివర్లో రాసిన ఆ నాలుగు ముక్కల్లో ఉంది. మిల్లు లేదు, సైరన్ లేదు, అయినా ఒక మనిషి ఆ వేళకు లేచి చొక్కా తొడుక్కుని వాకిట్లో కూర్చున్నాడు. అది చదివాక మీ తాతగారు నా కళ్లముందు నుంచి కదలడం లేదు. కానీ నీ పన్నెండు బొమ్మల్లో ఆ వాకిలి లేదు, ఆ చొక్కా లేదు, ఆ తెల్లవారుజాము లేదు. ఉత్తరం రాస్తున్నప్పుడు నీ చేతికి దొరికిన కథ బ్రష్షు పట్టుకునేసరికి జారిపోయింది. ఎందుకు జారిందో ముందు చూద్దాం. మిగతా ప్రశ్నలు దాని తర్వాతే.

మిల్లు గేటు ఒక చోటు. పెళ్లి ఒక వేడుక. జీతం రోజు ఒక సందర్భం. ఇవన్నీ మీ తాతగారి గురించిన వివరాలు. ఒక చిన్న పరీక్ష చెయ్యి. నాలుగో బొమ్మను తీసి ఎనిమిదో చోట పెట్టి, సంగతి తెలియని వాళ్లకు చూపించు. వాళ్లకు ఏ తేడా తెలియకపోతే ఆ వరుసలో కథ లేనట్టే. కథ ఉన్న వరుసలో ఒక బొమ్మను కదిపితే దానికి అటూ ఇటూ ఉన్న రెండు బొమ్మల అర్థం కూడా మారిపోతుంది. మీ అధ్యాపకురాలు అడిగింది ఇదేనని నా నమ్మకం. అందరూ మెచ్చుకుంటున్న చోట అలాంటి ప్రశ్న అడిగిన మనిషిని వదులుకోకు. ఇకమీద వేసేవి ఆవిడకే ముందు చూపించు.

ఆజంజాహి మిల్లు చిన్న విషయం కాదు. 1934లో నిజాం పాలనలో మొదలై, వేల కుటుంబాలకు తిండి పెట్టి, మూతపడి ఇరవై ఏళ్లు దాటిన మిల్లు అది. ఆ చరిత్రనంతా నెత్తికెత్తుకున్నావు. అందుకే మీ తాత ఆ జనంలో కలిసిపోయారు. చరిత్ర చెప్పాలన్న తపన మంచిదే. కానీ బొమ్మలతో చెప్పేటప్పుడు దారి వేరు. ఒక్క మనిషి ఒక్క పొద్దున ఏం చేశాడో చూసేవాళ్లు నమ్మేలా చూపిస్తే, మిల్లు దానంతట అదే ఆయన వెనక కనిపిస్తుంది.

నా చేతికిస్తే పన్నెండు బొమ్మలు ఏడవుతాయి. ఏడింటిలోనూ అదే వాకిలి, అదే వేళ. మొదటి దాంట్లో చీకటి ఇంకా విడవలేదు, సైరన్ మోగింది, వాడకట్టంతా లేచింది. రెండో దాంట్లో వీధి నిండా మగవాళ్లు, చేతుల్లో సద్ది గిన్నెలు, అందరూ ఒకే వైపు నడుస్తున్నారు. మూడో దాంట్లో అదే వీధిలో మనుషులు పలచబడ్డారు. నాలుగో దాంట్లో అదే వేళ అయింది, ఇళ్ల తలుపులు ఇంకా మూసే ఉన్నాయి. అక్కడి నుంచి మిల్లు కోసం లేచేది మీ తాత ఒక్కరే. ఇది నాకు తోచిన దారి. నీకు ఇంతకంటే మంచిది తోస్తే దీన్ని పక్కన పెట్టు. కానీ చోటును, వేళను కదలనివ్వకుండా మనిషి చుట్టూ ఉన్న ప్రపంచాన్ని మార్చడం మాత్రం ఒకసారి ప్రయత్నించు. కదలని వాటి పక్కనే మారినవి కంటికి ఆనతాయి. నీ పన్నెండు బొమ్మల్లో ప్రతి బొమ్మకూ చోటు, వేళ, మనిషి వయసు, దుస్తులు, చూసే కోణం అన్నీ మారిపోయాయి కాబట్టి ఏది ముఖ్యమైన మార్పో చూసేవాళ్లకు అందలేదు.

ఇక సైరన్. గొట్టం గీసి దాని చుట్టూ వంకర గీతలు పెడితే అది సైరన్ గుర్తు మాత్రమే అవుతుంది, మోత వినపడదు. మోత విన్న మనుషులను గియ్యి. పొయ్యి ముందు సద్ది కడుతున్న బాపమ్మ తల వాకిలి వైపు తిరిగింది. గోలెం దగ్గర ముఖం కడుక్కుంటున్న మనిషి నీళ్లు కారుతున్న ముఖాన్ని పైకెత్తాడు. పక్కింటి తలుపు సందులో వెలుతురు పడింది. ఎవరిదో కాలు సైకిల్ స్టాండు మీదికి లేచింది. నలుగురు నాలుగు చోట్ల ఒకే క్షణంలో ఒకే వైపు తిరిగితే ఏదో మోగిందని చూసేవాళ్లకు చెప్పనక్కరలేదు. ఆరో బొమ్మలో ఇదే అమరికను మళ్లీ వెయ్యి. ఈసారి ఎవరూ తల తిప్పరు. ఆయన ఒక్కరే తిప్పుతారు.

మీ తాతకు ఇప్పుడు సరిగా వినపడదని రాశావు. మిల్లుల్లో మగ్గాల మోత మధ్య ఏళ్ల తరబడి పనిచేసినవారికి వినికిడి తగ్గడం మామూలే. ఆ మోతలో మాట వినపడదు కాబట్టి నేత విభాగాల్లో మనుషులు సైగలతో, పెదవుల కదలికతో మాట్లాడుకునేవారు. ఆ సైగలు ఆయన చేతుల్లో ఇంకా ఉండి ఉంటాయి. వెళ్లి కూర్చుని అడుగు. "మీ జీవితం గురించి చెప్పండి" అని మాత్రం అడగకు. అలా అడిగితే పెద్దవాళ్లందరూ ఒకే మాట చెబుతారు: కష్టపడ్డాం, పిల్లలను సాకాం. "మగ్గం నాడెలో నూలు కండె ఎలా మార్చేవారు, చేసి చూపించండి" అని అడుగు. "పోగు తెగితే ఏ వేళ్లతో ముడి వేసేవారు?" "చొక్కా ఎక్కడ తగిలించేవారు?" "ఇంటికి వచ్చాక వెంట్రుకల్లో దూది నూగు ఎవరు దులిపేవారు?" ఆయన నోటి కంటే ముందు ఆయన చేతులు జవాబు చెబుతాయి. అప్పుడు నీ దగ్గర స్కెచ్ పుస్తకం ఉండాలి. ఫోనుతో వీడియో తీసుకుంటే తీసుకో, కానీ ముందు గియ్యి.

ఇదంతా ఎక్కడ నేర్చుకోవాలని అడిగావు. మన పక్కనే ఒక పెద్ద బడి ఉంది. చెరియాల బొమ్మల పేరు నీకు తెలిసే ఉంటుంది. ఆ ఊరు 2016లో జిల్లాలు విడదీసేవరకూ వరంగల్ జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది. హనుమకొండ నుంచి జనగామ వెళ్లి, అక్కడ సిద్దిపేట వైపు బస్సు ఎక్కితే దారిలోనే వస్తుంది. దుకాణాల్లో అమ్మే అరచేతంత చెరియాల బొమ్మలను, గోడకు తగిలించే ముఖాలను చూసి అదే చెరియాల అనుకునేవారు చాలామంది. నకాషీ చిత్రకారులు తరతరాలుగా వేసిన అసలు పటం, అంటే పొడవాటి బట్ట మీది బొమ్మల వరుస, అలంకారానికి పుట్టలేదు. అది కథ చెప్పేవాళ్ల పనిముట్టు. దాదాపు 3 అడుగుల వెడల్పు, 30, 40 అడుగుల పొడవు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకిపడగలవారు, మాదిగలకు జాంబ పురాణం చెప్పే డక్కలివారు, రజకులకు మడేలు పురాణం చెప్పే పటంవారు, ఇలా కులానికో కథ, కథకో పటం. ఊళ్లో పటం వేలాడదీసి, కర్రతో ఒక్కో బొమ్మను చూపుతూ, పాడుతూ రాత్రుల తరబడి కథ నడిపేవారు. మీ తాత చేతులు పనిచేసింది మగ్గం మీద కాబట్టి మార్కండేయ పురాణ పటం ఎక్కడైనా చూసే అవకాశం దొరికితే వదులుకోకు.

పటం ముందు నిలబడితే ఏం చూడాలో చెబుతాను. అందం సంగతి తర్వాత. ముందు అది ఎలా పని చేస్తుందో చూడు. పై నుంచి కిందికి అడ్డపట్టీలుగా కథ నడుస్తుంది. పట్టీకీ పట్టీకీ మధ్య పూల అంచు ఉంటుంది. ఆ అంచు దాటితే కాలం మారిందనో చోటు మారిందనో అర్థం. అడవి అంటే అడవంతా ఉండదు, ఒకటి రెండు చెట్లుంటాయి. రాజభవనమంటే రెండు స్తంభాలు, ఒక తెర. మిగిలిన జాగా అంతా మనుషులదే, వాళ్ల చేతులదే. ఎవరు అడుగుతున్నారు, ఎవరు కాదంటున్నారు, ఎవరు శపిస్తున్నారు అన్నది చేతి తీరులో తెలిసిపోవాలి. ఎందుకంటే రాత్రిపూట, దీపం వెలుగులో, జనం వెనక వరుసలో కూర్చున్నవాళ్లకు ముఖంలోని చిన్న చిన్న భావాలు కనపడవు. ఫొటో చూసి ముఖంలో ప్రతి ముడతనూ దించగలిగే నీకు ఇది కొత్తగా ఉంటుంది. నీ బొమ్మను గదికి అవతలి గోడ దగ్గర పెట్టి చూడు. అక్కడి నుంచి కథ తెలియాలి. ముడతలు దగ్గరికి వచ్చినవాళ్లకు అదనంగా దొరకాలి.

మీ తమ్ముడు అన్న మాటకు కూడా జవాబు పటంలోనే ఉంది. ఒకే పాత్ర పదుల సార్లు కనిపించినా చూసేవాళ్లు పొరబడరు. చిత్రకారుడు ముఖం పోలికల మీద ఆధారపడడు. ఒంటిరంగు, తలకట్టు, బట్టల రంగు, నిలబడే తీరు పటం మొదటి నుంచి చివరి వరకూ మారవు. దేవతలకు నీలం, పసుపు వంటి ఒంటిరంగులు, రాక్షసులకు ముదురు రంగులు వేయడం ఆనవాయితీ. నువ్వు మీ తాతకు ఏం ఇస్తావు? ఆయన ముఖాన్ని వదిలేసి ఆయన ఆకారాన్ని పట్టుకో. కొంచెం ముందుకు వంగిన భుజమా? ఎప్పుడూ మోచేతి దాకా మడిచి ఉండే చొక్కా చేతులా? ఒక కాలు మీద బరువు వేసి నిలబడే అలవాటా? ఒక కాగితం మీద నడుస్తూ, కూర్చుని, వంగి, వెనక నుంచి, ఇరవై ఏళ్ల వయసులో, డెబ్బై ఏళ్ల వయసులో ఆయనను నల్లటి నీడలా మాత్రమే వెయ్యి. కళ్లూ ముక్కూ లేకుండానే తమ్ముడు గుర్తుపట్టాలి. గుర్తుపట్టే వరకూ కథ బొమ్మలు మొదలుపెట్టకు. ఫొటోల నుంచి దించినప్పుడు ప్రతి ఫొటోలో వెలుగు వేరు, కోణం వేరు, అందుకే నీ పన్నెండింటిలో పన్నెండుమంది తాతలు వచ్చారు.

రంగుల గురించి ఒక్క మాట. పటంలో నేపథ్యమంతా ఎరుపు. నలభై అడుగుల బట్టను ఆ ఒక్క ఎరుపే పట్టి ఉంచుతుంది. బియ్యపు గంజి, సుద్ద మట్టి, చింతగింజల అంబలి, చెట్టు జిగురు కలిపి ఖాదీ బట్టకు పూతలు పూసి ఆరబెట్టి, దాని మీద కుంచెతో గీతలు వేసి, నేపథ్యం నింపుకుని, ఒంటిరంగులు, బట్టలు, నగలు ఒకదాని తర్వాత ఒకటిగా వేసుకుంటూ పోతారు. నువ్వు కూడా ఏడు బొమ్మలకూ ఒకే నేపథ్యపు రంగు ఎంచుకో. మూడు నాలుగు రంగులకు మించకు. ఒక రంగును మాత్రం దాచి ఉంచి, కథ మలుపు తిరిగే బొమ్మలో మొదటిసారి వాడు.

వరుసగా పట్టీలు వేయడం ఒక పద్ధతి. ఒకే బొమ్మలో కాలాన్ని నడిపించడం ఇంకో పద్ధతి. దీనికి మన తెలుగు నేల మీద ఉన్న గొప్ప ఉదాహరణ అమరావతి స్తూపం నుంచి వచ్చిన నలగిరి ఏనుగు శిల్పం. ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. గుండ్రటి రాతి ఫలకంలో ఏనుగు రెండుసార్లు ఉంటుంది. ఒక పక్క మదమెక్కి వీధిలో మనుషులను తొక్కుతూ, మరో పక్క బుద్ధుడి ముందు మోకరిల్లి. భయపడిన స్త్రీ పక్కనున్న మనిషి మీదికి ఒరిగిపోయింది. మేడల మీది నుంచి జనం తొంగి చూస్తున్నారు. దాదాపు రెండు వేల ఏళ్ల కిందటి శిల్పి ఆ వలయంలో వీధి ఒక్కటే ఉంచి, ఏనుగును రెండు చేశాడు. చూసే కన్ను ఒక ఏనుగు నుంచి రెండో ఏనుగుకు వెళ్లే లోపల ఏం జరిగిందో తనే పూరించుకుంటుంది. దాని ఫొటో వెతికి, ఆ రెండు ఏనుగుల మధ్య నీ చూపు ఏ దారిలో వెళ్లిందో పెన్సిల్‌తో గీసుకో. బొమ్మను అమర్చడం గురించి ఏ పుస్తకమైనా చెప్పేదానికంటే ఎక్కువ నేర్చుకుంటావు. మీ తాత, వాకిలి, ఒకే బొమ్మలో ఇద్దరు తాతలు, గేటు వైపు నడిచి వెళ్తున్న యువకుడు, అరుగు మీద కూర్చున్న ముసలివాడు. ఇదొక్కటే చాలని నీకు అనిపించినా నేను ఆశ్చర్యపోను.

రామప్పకు స్కూలు విహారయాత్రలో వెళ్లే ఉంటావు. ఈసారి స్కెచ్ పుస్తకంతో వెళ్లు. 1213 నాటి ఆ గుడిని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పటి నుంచి జనం పెరిగారు కాబట్టి పొద్దున్నే చేరుకోవడం మంచిది. చూరు కింద నల్లరాతి మదనికలను, అంటే స్త్రీ శిల్పాలను, చూడు. ఎత్తు మడమల పాదరక్షలు వేసుకున్న స్త్రీ బొమ్మ దగ్గరే అందరూ ఆగి ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. నువ్వు కాలిలో ముల్లు తీయించుకుంటున్న స్త్రీ దగ్గర ఆగు. ముల్లు గుచ్చుకోవడం అయిపోయింది. ఊడి రావడం ఇంకా కాలేదు. శిల్పి ఆ నడిమి క్షణాన్ని పట్టుకున్నాడు. ఆ ఒక్క బొమ్మలో ముందు జరిగిందీ, తర్వాత జరగబోయేదీ రెండూ ఉన్నాయి. నీ జీతం రోజు బొమ్మలో మీ తాత డబ్బు చేతిలో పట్టుకుని నవ్వుతున్నారని ఊహిస్తున్నాను. అంతా అయిపోయిన తర్వాతి క్షణం అది. లెక్కపెట్టడం మధ్యలో ఆగిన చేతిని గీస్తే? అప్పుడు చూసేవాళ్లు తక్కువ వచ్చిందా, ఎక్కువ వచ్చిందా అని ఆగుతారు.

ఇప్పుడు రోజువారీ సాధన. ఫొటోలు చూసి దించడం ఆరు నెలలు పక్కన పెట్టు. ఇది కఠినంగానే చెబుతున్నాను. నీ చేతికి నైపుణ్యం ఉంది, అది ఎక్కడికీ పోదు. కానీ ఫొటోలో ఏ క్షణం ఉండాలో ముందే ఎవరో నిర్ణయించేశారు. ఆ నిర్ణయం నువ్వు తీసుకోవడం నేర్చుకోవాలి. కాజీపేట స్టేషన్‌లో ఒక బెంచీ మీద కూర్చుని రైలు కోసం ఎదురుచూసే వాళ్లను గియ్యి. ఒక్కొక్కరికి ముప్పై సెకన్లు. మిర్చి కాలంలో ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లు. ధర చెప్పకముందు రైతు ఎలా నిలబడ్డాడు, చెప్పాక ఎలా నిలబడ్డాడు, ఒకే మనిషివి రెండు బొమ్మలు. ముఖాలు వద్దు, వెన్ను చాలు. ఆ రెండు బొమ్మల మధ్య తేడా కనిపించిన రోజున నువ్వు కథ చెప్పడం మొదలుపెట్టినట్టు.

ఇంట్లో, ఏ కథ వేయాలనుకున్నా ముందు అగ్గిపెట్టెంత గడులలో పెన్సిల్‌తో వెయ్యి. నలుపు, తెలుపు, బూడిద రంగు, అంతే. ఒక్కో బొమ్మకు నాలుగైదు రకాలుగా ఆలోచించు: దగ్గర నుంచి, దూరం నుంచి, పై నుంచి, చిన్నపిల్ల కంటి ఎత్తు నుంచి. నీకు ఓపిక తక్కువని నీ ఉత్తరం చూస్తే అనిపించలేదు కానీ, బొమ్మ బాగా వేయగలిగేవాళ్లు ఈ చిన్న గడుల పనిని తప్పించుకుని నేరుగా పెద్ద కాగితం మీదికి దూకుతారు. పెద్ద బొమ్మ మీద పది రోజులు కష్టపడ్డాక అది కథకు అక్కరలేదని తెలిసినా తీసెయ్యడానికి మనసు ఒప్పదు. చిన్న గడిని కొట్టేయడానికి ఒక్క గీత చాలు.

ఇంకొక చిన్న పద్ధతి. మనం ఎడమ నుంచి కుడికి చదువుతాం కాబట్టి కుడివైపు నడిచే మనిషి ముందుకు వెళ్తున్నట్టు, ఎడమవైపు నడిచే మనిషి వెనక్కి వస్తున్నట్టు కంటికి తోస్తుంది. మిల్లు ఎప్పుడూ కుడి పక్కన ఉండనివ్వు, ఇల్లు ఎడమ పక్కన. అన్ని బొమ్మల్లో ఇది మారకపోతే చివరి బొమ్మలో ఆయన ఏ వైపు ముఖం పెట్టి కూర్చున్నారన్నది దానంతట అదే మాట్లాడుతుంది.

బొమ్మ కింద మాటలు రాయాలనుకుంటే, బొమ్మ చెప్పింది మళ్లీ చెప్పకు. చొక్కా తగిలించే మేకు ఖాళీగా ఉన్న బొమ్మ కింద "చొక్కా లేదు" అని రాయడం ఎందుకు? "బాపమ్మ ఆ రోజు కూడా సద్ది కట్టింది" అని రాస్తే బొమ్మకు ఇంకో గది తెరుచుకుంటుంది. పటంలోనూ ఇలాగే ఉంటుంది. కథకుడి గొంతు చేసే పని బొమ్మ చేయదు, బొమ్మ చేసే పని గొంతు చేయదు. అందుకే పటం మ్యూజియం గోడ మీద ఒంటరిగా ఉన్నప్పుడు సగమే అర్థమవుతుంది. అంత గొప్ప కళ కథకులు తగ్గిపోయిన కొద్దీ బహుమతి వస్తువుగా మారిపోవడం చూస్తే నాకు బాధగా ఉంటుంది. నీలాంటి పిల్లలు ఆ పద్ధతిని తమ ఇంటి కథలకు వాడుకుంటే చాలా సంతోషిస్తాను. ఎరుపు నేపథ్యాన్ని, గుండ్రటి కళ్లను కాపీ కొట్టమని కాదు నేను అంటున్నది. కథను బొమ్మకూ మాటకూ మధ్య పంచే తీరును తీసుకో.

ఇలా తీసుకున్నవాళ్లు మన దగ్గర ఉన్నారు. సిద్దిపేటలో చిత్రలేఖన ఉపాధ్యాయుడిగా పనిచేసిన కాపు రాజయ్య (1925–2012) తెలంగాణ పల్లె పండుగలను, పనిపాటలను నకాషీ రీతి నుంచి నేర్చుకున్న గీతతో తనవిగా చేసుకున్నారు. 1942లో పాత కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం బరోడా వెళ్లి చిత్రకారుడు కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర చదివి, ఆ చదువుతో తన ఊరి మనుషుల దగ్గరికే తిరిగి వచ్చారు. వీళ్ల బొమ్మలు చూసేటప్పుడు ఏం గీశారన్నదాని కంటే ఏం వదిలేశారో చూడు.

టాబ్లెట్ ఇప్పుడు వద్దు. నీ సమస్య పరికరంతో తీరేది కాదు. పెన్సిళ్లు, ఒక నల్ల ఇంకు సీసా, రెండు బ్రష్షులు, మామూలు డ్రాయింగ్ కాగితం చాలు. ఎవరికైనా పంపాలంటే కిటికీ దగ్గర పగటి వెలుతురులో ఫోనుతో ఫొటో తీస్తే సరిపోతుంది. రేపు బొమ్మలతో సంపాదించే పని దొరికి, దానికి టాబ్లెట్ అవసరమైతే ఆ డబ్బుతోనే కొనుక్కోవచ్చు.

డిగ్రీ మానకు. మీ నాన్న భయం అర్థం లేనిది కాదు. మిల్లు మూతపడినప్పుడు ఆ ఇంట్లో ఏం జరిగిందో చూసిన మనిషి ఆయన. పైగా డిగ్రీ పూర్తి చేస్తే నీకు దారులు పెరుగుతాయి. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో నాలుగేళ్ల బి.ఎఫ్.ఏ. ఉంది. పెయింటింగ్, అప్లయిడ్ ఆర్ట్, శిల్పం, ఫొటోగ్రఫీ, యానిమేషన్ చదవొచ్చు. దానికి ప్రవేశ పరీక్ష రాయాలి. కానీ ఇప్పుడు అందులో చేరితే మొదటి నుంచి నాలుగేళ్లు. డిగ్రీ చేతిలో ఉంటే సీడ్ (CEED) అనే జాతీయ పరీక్ష రాసి ఐఐటీల్లో డిజైన్ పీజీకి వెళ్లొచ్చు. ఇంటర్ తర్వాత కనీసం మూడేళ్ల చదువు పూర్తయిన వారెవరైనా రాయొచ్చు, చివరి సంవత్సరంలో ఉన్నవాళ్లు కూడా రాయొచ్చు. అందులో చేతితో గీసి చూపించాల్సిన భాగం ఉంటుంది. ముంబై ఐఐటీలో యానిమేషన్, కమ్యూనికేషన్ డిజైన్ ఉన్నాయి. మన హైదరాబాద్ ఐఐటీలోనూ డిజైన్ విభాగం ఉంది. పరీక్ష సాధారణంగా జనవరిలో జరుగుతుంది, దరఖాస్తులు అంతకు కొన్ని నెలల ముందే మొదలవుతాయి కాబట్టి వచ్చే సంవత్సరం దసరా దగ్గర పడుతున్నప్పటి నుంచే ప్రకటన కోసం చూస్తూ ఉండు. ఉపాధ్యాయ వృత్తి మీద ఆసక్తి ఉంటే రాష్ట్ర ప్రభుత్వ పరీక్షల విభాగం నిర్వహించే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు చదువుతో పాటే రాసుకోవచ్చు. ఈ మాటలు మీ నాన్నకు చెప్పు. మానేస్తానని కాకుండా పూర్తి చేసి ఇది చేస్తానని చెప్తే వినే మనిషిలాగే ఉన్నారు.

ఏడు బొమ్మలూ చిన్న గడుల్లో తయారయ్యాక ముగ్గురికి చూపించు. సంగతి తెలియని స్నేహితురాలికి ఒకసారి, తమ్ముడికి ఒకసారి. పక్కన కూర్చుని వివరించకు, "ఏం జరిగింది?" అని మాత్రం అడిగి, వాళ్లు తప్పు చెప్పిన చోటును గుర్తు పెట్టుకుని ఆ బొమ్మను మళ్లీ వెయ్యి. మూడోసారి మీ తాతకు చూపించు. ఆయనకు సరిగా వినపడదు కాబట్టి నువ్వు ఎక్కువగా వివరించే అవకాశం ఎలాగూ ఉండదు. ఆయన ఏ బొమ్మ మీద వేలు పెట్టి నీకు ఏదో చెప్పబోతారో అక్కడ ఇంకో బొమ్మ అవసరమని అర్థం. ఆ ఎనిమిదో బొమ్మ కూడా వేశాక, కావాలంటే గడులన్నీ ఒక కాగితం మీద అంటించి నాకు పంపు, చూసి రాస్తాను.